ఆంధ్ర రాష్ట్ర వేర్పాటు తీరుపై వివాదం

ఉమ్మడి మద్రాసు రాష్ట్రం నుండి తెలుగు జిల్లాలు ఏ షరతులపై, ఏ హద్దులతో, ఏ రాజధానితో విడిపోవాలి అనే ప్రశ్నపై 1913 నుండి 1960 వరకు సాగిన బహిరంగ చర్చను, రాజకీయ పోరాటాన్ని ఆంధ్ర రాష్ట్ర వేర్పాటు తీరుపై వివాదంగా పేర్కొనవచ్చు. ప్రత్యేక రాష్ట్రం కావాలనే విషయంలో తెలుగు నాయకులలో అత్యధికులు 1930ల చివరి నాటికే ఏకాభిప్రాయానికి వచ్చారు. అయినా రాష్ట్రం ఏర్పడటానికి మరో పదహారేళ్ళు పట్టింది. మద్రాసు నగరం ఎవరికి చెందాలి, రాయలసీమకు ఏ హామీలు ఉండాలి, రాజధాని ఎక్కడ ఉండాలి, చిత్తూరు, బళ్ళారి జిల్లాలలో సరిహద్దు ఎక్కడ గీయాలి అనే నాలుగు ప్రశ్నలే ఈ ఆలస్యానికి ముఖ్య కారణాలు.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం అవతరించడంతో మొదటి మూడు ప్రశ్నలకు ఏదో ఒక సమాధానం దొరికింది. చిత్తూరు జిల్లా సరిహద్దు మాత్రం 1960 ఏప్రిల్ 1 వరకు తేలలేదు. తంబళ్లపల్లె, మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాలు అప్పట్లో ఈ జిల్లాకు చెందినవే కావడం వలన, ఈ వివాదాన్ని సరిహద్దు ప్రాంతం వైపు నుండి పరిశీలించడానికి చిత్తూరు జిల్లా చరిత్ర చాలా ఉపయోగపడుతుంది.

## నేపథ్యం

బ్రిటిషు పాలనలోని మద్రాసు ప్రెసిడెన్సీలో తెలుగు, తమిళ, కన్నడ, మలయాళ భాషా ప్రాంతాలు, కొంత ఒరియా ప్రాంతం కలిసి ఉండేవి. ఈ కలయిక భాషను బట్టి గాని, ప్రజల కోరికను బట్టి గాని జరిగింది కాదు. ఈస్టిండియా కంపెనీకి ఒక్కొక్క భూభాగం ఒక్కొక్క కాలంలో దక్కినందున ఏర్పడింది. 1800లో నిజాము కంపెనీకి అప్పగించిన జిల్లాలకు దత్తమండలాలనే పేరు వచ్చింది. ఆర్కాటు నవాబు రాజ్యం 1801లో కంపెనీ వశమైంది.

చిత్తూరు జిల్లా ఈ రెండు భాగాల కలయిక. 1911 ఏప్రిల్ 1న ఈ జిల్లాను ఏర్పాటు చేసినప్పుడు మదనపల్లె, వాయల్పాడు తాలూకాలను దత్తమండలాలకు చెందిన కడప జిల్లా నుండి తీసుకున్నారు. చిత్తూరు, చంద్రగిరి, పలమనేరు, తిరుత్తణి తాలూకాలు, పుంగనూరు, కంగుంది, కార్వేటినగరం వంటి జమీందారీలు ఉత్తర ఆర్కాటు జిల్లా నుండి వచ్చాయి. కుప్పం కంగుంది జమీందారీలోని ఊరు. అంతవరకు ఉత్తర ఆర్కాటు జిల్లాకు చిత్తూరే ముఖ్యపట్టణంగా ఉండేది. ఆ తరువాత దాని ముఖ్యపట్టణం వేలూరుకు మారింది. ఈ విధంగా జిల్లా పుట్టుకలోనే తెలుగు, తమిళ ప్రాంతాల సంధి ఉంది. పడమట తంబళ్లపల్లె, మదనపల్లెలు పూర్తిగా తెలుగు ప్రాంతాలు కాగా, తూర్పున తిరుత్తణి, దక్షిణాన కుప్పం వైపు రెండు మూడు భాషలు మాట్లాడే గ్రామాలు పక్కపక్కనే ఉన్నాయి.

## తొలి దశలోని భేదాలు

ప్రత్యేక ఆంధ్ర రాష్ట్రం గురించి సంఘటిత ఆలోచన 1913 మే 26న బాపట్లలో జరిగిన మొదటి ఆంధ్ర మహాసభతో ఆరంభమైంది. ఆ సభకు బయ్యా నరసింహేశ్వర శర్మ అధ్యక్షత వహించాడు. ప్రత్యేక రాష్ట్రంపై చర్చ జరిగినా తుది నిర్ణయాన్ని వాయిదా వేసి, ముందుగా ప్రజాభిప్రాయాన్ని కూడగట్టాలని నిశ్చయించారు. 1914లో న్యాపతి సుబ్బారావు పంతులు అధ్యక్షతన బెజవాడలో జరిగిన రెండవ మహాసభ ప్రత్యేక రాష్ట్ర తీర్మానాన్ని ఆమోదించింది.

కాంగ్రెసు సంస్థ లోపల కూడా ఈ ప్రశ్న భేదాలకు దారితీసింది. ఆంధ్రకు ప్రత్యేక కాంగ్రెసు శాఖ కావాలనే కోరిక 1917లో కలకత్తా కాంగ్రెసు ముందుకు వచ్చినప్పుడు బాలగంగాధర తిలక్ సమర్థించాడు. ఆ సమావేశానికి అధ్యక్షురాలైన అనీబిసెంట్ వ్యతిరేకించింది. చివరకు తిలక్ పక్షమే నెగ్గి, 1918లో ఆంధ్ర రాష్ట్ర కాంగ్రెసు సంఘం ఏర్పడింది. మదనపల్లెలో 1915లో స్థాపించబడిన దివ్యజ్ఞాన కళాశాల అనీబిసెంట్ పేరుతోనే ప్రసిద్ధమైనది. స్వపరిపాలన ఉద్యమానికి నాయకత్వం వహించిన వ్యక్తి భాషా విభజనను వ్యతిరేకించడం ఆనాటి అభిప్రాయాల సంక్లిష్టతను తెలుపుతుంది. స్వాతంత్ర్యానికి ముందు ప్రాంతీయ విభజన ప్రజలను చీలుస్తుందని ఒక వర్గం భావించగా, సొంత భాషలో పనిచేసినప్పుడే ప్రజలు స్వాతంత్ర్యోద్యమంలోకి వస్తారని మరొక వర్గం వాదించింది.

మూడవ భేదం తెలుగువారి మధ్యనే తలెత్తింది. కోస్తా జిల్లాలలో గోదావరి, కృష్ణా ఆనకట్టల వలన వ్యవసాయం, ఇంగ్లీషు చదువులు ముందుగా వ్యాపించాయి. తరచు కరవుకు గురయ్యే దత్తమండలాలలో, కొత్త రాష్ట్రంలో కోస్తావారి ఆధిపత్యం ఏర్పడుతుందనే అనుమానం కలిగింది. 1926లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఏర్పడినప్పుడు ఈ అనుమానం బయటపడింది. మొదట బెజవాడలో, తరువాత వాల్తేరులో దాని కేంద్రాన్ని నెలకొల్పారు. అనంతపురంలో ఉండాలన్న కోరిక నెరవేరలేదు. దాని మొదటి ఉపాధ్యక్షుడైన కట్టమంచి రామలింగారెడ్డి చిత్తూరు జిల్లావాడే అయినప్పటికీ, దత్తమండలాలలోని కళాశాలలు తిరిగి మద్రాసు విశ్వవిద్యాలయం పరిధిలోకి వెళ్ళాయి. 1928 నవంబరులో నంద్యాల సభలలో చిలుకూరి నారాయణరావు సూచన మేరకు దత్తమండలాలకు "రాయలసీమ" అనే పేరు స్థిరపడింది. ఒకరు మరొకరికి దత్తం చేసిన భూమి అనే అర్థం వచ్చే పాత పేరును ఆ ప్రాంతం వదులుకున్నది.

## శ్రీబాగ్ ఒడంబడిక

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడటంతో ఆంధ్రోద్యమానికి మళ్ళీ ఊపు వచ్చింది. రాయలసీమ సమ్మతి లేనిదే ముందుకు సాగలేమని కోస్తా నాయకులు గ్రహించారు. 1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు స్వగృహమైన శ్రీబాగ్‌లో రెండు ప్రాంతాల నాయకులు సమావేశమై ఒక ఒప్పందానికి వచ్చారు. భోగరాజు పట్టాభి సీతారామయ్య, కొండా వెంకటప్పయ్య, కడప కోటిరెడ్డి, కల్లూరి సుబ్బారావు, పప్పూరి రామాచార్యులు తదితరులు దానిపై సంతకాలు చేసారు. ఒప్పందంలోని ముఖ్యాంశాలు ఇవి:

* విశ్వవిద్యాలయ కేంద్రాలు వాల్తేరుతో పాటు అనంతపురంలో కూడా ఉండాలి.
* కృష్ణా, తుంగభద్ర, పెన్నా నదుల నీటి వినియోగంలో కొంతకాలం పాటు రాయలసీమకు ప్రాధాన్యం ఇవ్వాలి.
* శాసనసభ స్థానాల పంపిణీలో జనాభాను మాత్రమే గాక జిల్లాను ప్రాతిపదికగా తీసుకోవాలి.
* రాజధాని, హైకోర్టులలో ఒకటి కోస్తాలో, మరొకటి రాయలసీమలో ఉండాలి. ఏది కావాలో కోరుకునే అవకాశం రాయలసీమకు ఉండాలి.

ఈ ఒడంబడిక నాయకుల మధ్య కుదిరిన నైతిక ఒప్పందం మాత్రమే. చట్టబలం దానికి లేదు. అయినప్పటికీ విడిపోయే ముందే లోపలి పంపకాలను రాతపూర్వకంగా తేల్చుకోవాలనే ఆలోచన ఇందులో కనిపిస్తుంది. 1938లో మద్రాసు శాసనసభ భాషా రాష్ట్రాల తీర్మానాన్ని ఆమోదించినా బ్రిటిషు ప్రభుత్వం అంగీకరించలేదు.

## కమిషన్లు, కమిటీలు

స్వాతంత్ర్యానంతరం నిర్ణయాధికారం కేంద్ర ప్రభుత్వం చేతికి వచ్చింది. 1948 జూన్‌లో నియమించబడిన థార్ కమిషన్, దేశ విభజన జరిగిన వెంటనే భాషా రాష్ట్రాలు ఏర్పరచడం దేశ సమైక్యతకు మంచిది కాదని డిసెంబరులో నివేదించింది. దీనిపై ఆంధ్రలో తీవ్ర నిరసన వెలువడింది. అదే నెలలో జయపూర్ కాంగ్రెసు సమావేశం జవహర్‌లాల్ నెహ్రూ, వల్లభభాయి పటేల్, పట్టాభి సీతారామయ్యలతో ఒక సంఘాన్ని ఏర్పరచింది. వారి పేర్లలోని తొలి అక్షరాలను బట్టి దీనికి జె.వి.పి. కమిటీ అనే పేరు వచ్చింది. 1949 ఏప్రిల్‌లో వెలువడిన దాని నివేదిక, భాషా రాష్ట్రాలను సాధారణంగా వాయిదా వేయాలని చెబుతూనే ఆంధ్రకు ఒక మినహాయింపు ఇచ్చింది. ఆంధ్రులు మద్రాసు నగరంపై హక్కును వదులుకుంటే రాష్ట్రాన్ని ఏర్పాటు చేయవచ్చునని తెలిపింది.

ఈ నివేదికతో ప్రశ్న స్వరూపమే మారిపోయింది. అంతవరకు కేంద్రం రాష్ట్రం ఇస్తుందా లేదా అనేది ప్రశ్న. ఇప్పుడు తెలుగువారు ఏ మూల్యం చెల్లించడానికి సిద్ధంగా ఉన్నారనేది ప్రశ్న అయింది. నివేదికపై సంతకం చేసినవారిలో ఆంధ్రుడైన పట్టాభి సీతారామయ్య ఉండగా, దానిని గట్టిగా ఎదిరించినవాడు మద్రాసు మాజీ ముఖ్యమంత్రి టంగుటూరి ప్రకాశం పంతులు. ఇద్దరూ దశాబ్దాల పాటు ఒకే ఉద్యమంలో పనిచేసినవారే.

1949 చివరలో మద్రాసు ప్రధాని కుమారస్వామి రాజా అధ్యక్షతన విభజన సంఘం ఏర్పడింది. ప్రకాశం, బెజవాడ గోపాలరెడ్డి, కళా వెంకటరావు, నీలం సంజీవరెడ్డి, భక్తవత్సలం, టి.టి.కృష్ణమాచారి, మాధవ మేనోన్ ఇతర సభ్యులు. ఆస్తులు, అప్పులు, ఉద్యోగుల పంపకం వంటి విషయాలలో చాలావరకు అంగీకారం కుదిరింది. మద్రాసు నగరాన్ని వదులుకోవడానికి సమ్మతించని ప్రకాశం భిన్నాభిప్రాయ పత్రాన్ని సమర్పించాడు. ఏకాభిప్రాయం లేదనే కారణంతో కేంద్రం వెనుకంజ వేసింది. 1950 జనవరి 26 నాటికి, అనగా గణతంత్ర దినం నాటికి, ఆంధ్ర రాష్ట్రం ఏర్పడుతుందనే ఆశ వమ్మయింది.

## మద్రాసు నగరంపై వాదాలు

నగరంపై తెలుగువారి వాదనకు రెండు ఆధారాలు ఉన్నాయి. మొదటిది చరిత్ర. 1639లో ఈస్టిండియా కంపెనీకి కోట కట్టుకోవడానికి ఈ తీరాన్ని ఇచ్చినవాడు తెలుగు నాయకరాజైన దామెర్ల వెంకటాద్రి నాయకుడు. రెండవది తరతరాల శ్రమ. తెలుగు వర్తకులు, ముద్రాపకులు, పత్రికాధిపతులు, న్యాయవాదులు, చిత్ర నిర్మాతలు ఆ నగరంలోనే స్థిరపడ్డారు. ప్రెసిడెన్సీలోని అన్ని జిల్లాల పన్నులతో పెరిగిన నగరం ఒక్క భాషవారిది ఎట్లా అవుతుందని వారు ప్రశ్నించారు.

తమిళుల వాదన ఇంతకంటె సూటిగా ఉండేది. నగర జనాభాలో తమిళులే అధికులు. చుట్టూ ఉన్నది తమిళ ప్రాంతమే. భాషను బట్టి రాష్ట్రం కోరేవారు భాషను బట్టి తమది కాని నగరాన్ని కోరడం పరస్పర విరుద్ధమని వారు ఎత్తిచూపారు. తమిళరసు కళగం నాయకుడు మ.పొ.శివజ్ఞానం నగర రక్షణ ఉద్యమాన్ని నడిపాడు.

## వివాదంలోని పక్షాలు

1952 నాటికి ఈ క్రింది అభిప్రాయాలు స్పష్టంగా వేరుపడ్డాయి.

* మద్రాసుతో కూడిన రాష్ట్రం: నగరాన్ని లేదా కనీసం అందులో భాగస్వామ్యాన్ని వదలరాదని కోరిన వర్గం. ప్రకాశం దీనికి ముఖ్య ప్రతినిధి.
* మద్రాసు లేకుండా వెంటనే రాష్ట్రం: దొరికినదానిని ముందు అందుకోవాలని, నగరం కోసం రాష్ట్రాన్ని పోగొట్టుకోరాదని భావించిన కాంగ్రెసు వర్గం.
* ముందు హామీలు, తరువాత రాష్ట్రం: శ్రీబాగ్ షరతులు అమలవుతాయని తేలనిదే కోస్తాతో కలవరాదని కోరిన రాయలసీమ వర్గం.
* విశాలాంధ్ర: హైదరాబాదు సంస్థానంలోని తెలంగాణతో కలిసి ఒకే తెలుగు రాష్ట్రం కావాలన్న కమ్యూనిస్టులు. పుచ్చలపల్లి సుందరయ్య 1946లోనే "విశాలాంధ్రలో ప్రజారాజ్యం" అనే పుస్తకంలో ఈ వాదాన్ని వివరించాడు.
* వేచిచూడాలనే వాదం: ఇరుపక్షాల అంగీకారం లేకుండా ఏ రాష్ట్రాన్నీ చీల్చరాదని పట్టుబట్టిన కేంద్ర ప్రభుత్వం. 1952 ఏప్రిల్‌లో మద్రాసు ముఖ్యమంత్రి అయిన చక్రవర్తి రాజగోపాలాచారి కూడా విభజన పట్ల సుముఖుడు కాడు.

ఈ పక్షాలలో ఏ ఒక్కదానికీ తన మాట నెగ్గించుకునే బలం లేదు. ఒక్కొక్కదానికి మిగిలినవారి మాటను అడ్డుకునే బలం మాత్రం ఉండేది.

## నిరాహార దీక్షలు

మాటలతో ముడి వీడకపోవడంతో దీక్షలు ఆరంభమయ్యాయి. కృష్ణా జలాలను తమిళ ప్రాంతాలకు మళ్ళించే కృష్ణా-పెన్నా పథకంపై వ్యతిరేకత కూడా ఆ రోజులలో ఉద్యమానికి బలం చేకూర్చింది. గొల్లపూడి సీతారామశాస్త్రి (స్వామి సీతారాం) 1951 ఆగస్టు 15న నిరాహార దీక్ష పూని, 35 రోజుల అనంతరం వినోబా భావే కోరికపై విరమించాడు. 1952 ఎన్నికలలో ఆంధ్ర ప్రాంతంలో కాంగ్రెసు తీవ్రంగా దెబ్బతిన్నది.

1952 అక్టోబరు 19న పొట్టి శ్రీరాములు మద్రాసులో బులుసు సాంబమూర్తి ఇంట్లో దీక్ష ఆరంభించాడు. మద్రాసు నగరంతో కూడిన ఆంధ్ర రాష్ట్రం ఆయన కోరిక. 58 రోజుల దీక్ష తరువాత డిసెంబరు 15 రాత్రి ఆయన మరణించాడు. ఆ వార్తతో తెలుగు జిల్లాలలో పెద్దయెత్తున అల్లర్లు చెలరేగాయి. రైళ్ళు నిలిచిపోయాయి. పలుచోట్ల పోలీసు కాల్పులలో ప్రజలు మరణించారు. డిసెంబరు 19న నెహ్రూ లోక్‌సభలో ఆంధ్ర రాష్ట్ర నిర్మాణాన్ని ప్రకటించాడు. వివాదం లేని తెలుగు ప్రాంతాలతో, మద్రాసు నగరం లేకుండా రాష్ట్రం ఏర్పడుతుందని ఆ ప్రకటన సారాంశం.

ఈ ప్రకటనలోని షరతు 1949 ఏప్రిల్ నాటి జె.వి.పి. కమిటీ షరతు కంటె భిన్నమైనది కాదు. మూడున్నరేళ్ళ క్రితం అందుబాటులో ఉన్న రాష్ట్రమే, ఒక నిరాయుధుని ప్రాణం, కాల్పులలో పోయిన మరికొన్ని ప్రాణాల తరువాత దక్కింది. శ్రీరాములు త్యాగం లేకుంటే కేంద్రం అసలు కదిలేది కాదని ఒక వాదం. 1949లోనే నగరాన్ని వదులుకొని ఉంటే ఆ త్యాగం అవసరమయ్యేది కాదని మరొక వాదం. ఆంధ్రోద్యమ చరిత్రపై చర్చలలో ఈ రెండు వాదాలూ కనిపిస్తాయి.

## వాంఛూ నివేదిక, విభజన చట్టం

విభజన వలన కలిగే ఆర్థిక, పరిపాలన సమస్యలను పరిశీలించడానికి రాజస్థాన్ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి కైలాసనాథ్ వాంఛూను నియమించారు. ఆయన 1953 ఫిబ్రవరిలో నివేదిక సమర్పించాడు. సొంత రాజధాని సిద్ధమయ్యే వరకు ఆంధ్ర ప్రభుత్వం కొంతకాలం మద్రాసులోనే ఉండవచ్చునని ఆయన సూచించాడు. తాత్కాలికమనేది శాశ్వత హక్కుగా మారుతుందనే భయంతో తమిళ నాయకులు దీనిని తీవ్రంగా వ్యతిరేకించారు. 1953 మార్చి 25న నెహ్రూ చేసిన ప్రకటనలో, అక్టోబరు 1న రాష్ట్రం ఏర్పడుతుందని, రాజధాని ఆంధ్ర ప్రాంతంలోనే ఉండాలని స్పష్టం చేయబడింది.

1953 ఆంధ్ర రాష్ట్ర చట్టం ప్రకారం శ్రీకాకుళం, విశాఖపట్నం, తూర్పు గోదావరి, పశ్చిమ గోదావరి, కృష్ణా, గుంటూరు, నెల్లూరు, కర్నూలు, అనంతపురం, కడప, చిత్తూరు అనే 11 జిల్లాలు, బళ్ళారి జిల్లాలోని ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు కొత్త రాష్ట్రంలో చేరాయి. బళ్ళారి తాలూకాపై వివాదాన్ని జస్టిస్ ఎల్.ఎస్.మిశ్రా విచారించి ఇచ్చిన నివేదికను అనుసరించి అది మైసూరు రాష్ట్రానికి చెందింది.

## రాజధాని ఎంపిక

మద్రాసు చేజారిన తరువాత రాజధాని కోసం విజయవాడ, గుంటూరు, కర్నూలు, తిరుపతి వంటి పేర్లు చర్చకు వచ్చాయి. కమ్యూనిస్టులు విజయవాడ-గుంటూరు ప్రాంతాన్ని కోరారు. శ్రీబాగ్ ఒడంబడికను గౌరవించి రాజధానిని రాయలసీమకు ఇవ్వాలని 1953 జూన్‌లో శాసనసభ్యులు నిర్ణయించడంతో కర్నూలు ఎంపికైంది. భవనాలు చాలక అనేక కార్యాలయాలను డేరాలలో నడపవలసి వచ్చింది. 1953 అక్టోబరు 1న నెహ్రూ రాష్ట్రాన్ని ప్రారంభించాడు. చందూలాల్ త్రివేది గవర్నరుగా, ప్రకాశం ముఖ్యమంత్రిగా, నీలం సంజీవరెడ్డి ఉప ముఖ్యమంత్రిగా బాధ్యతలు స్వీకరించారు. మద్రాసు కోసం చివరి వరకు వాదించిన ప్రకాశమే మద్రాసు లేని రాష్ట్రానికి మొదటి ముఖ్యమంత్రి అయ్యాడు. హైకోర్టు 1954 జూలై 5న గుంటూరులో ప్రారంభమైంది. 1954లోనే తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం ఏర్పడటంతో ఉన్నత విద్య విషయంలో రాయలసీమకు సొంత కేంద్రం లభించింది.

## చిత్తూరు జిల్లా సరిహద్దు

చిత్తూరు జిల్లాను మొత్తంగా ఆంధ్రకు ఇవ్వడాన్ని తమిళ సంఘాలు అంగీకరించలేదు. ప్రాచీన తమిళ సాహిత్యంలో తమిళ దేశానికి ఉత్తరపు హద్దుగా వేంగడం, అనగా తిరుమల కొండ, పేర్కొనబడిందని, కనుక తిరుపతి వరకు తమకే చెందాలని శివజ్ఞానం వాదించాడు. తిరుత్తణి ప్రాంతంలో మంగళంకిళార్ వంటివారు ఈ ఉద్యమంలో పాల్గొన్నారు. తెలుగువారు జిల్లాను ఒకే యూనిట్‌గా చూడాలని, జిల్లాలో తెలుగువారే అధికులని సమాధానం ఇచ్చారు. మద్రాసు నగరం విషయంలో చరిత్రను ఆధారం చేసుకున్న తెలుగువారు ఇక్కడ జనసంఖ్యను, జనసంఖ్యను ఆధారం చేసుకున్న తమిళులు ఇక్కడ చరిత్రను ముందుకు తేవడం గమనించదగినది.

1956లో రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ జరిగినప్పటికీ ఈ హద్దు మారలేదు. అనంతరం రెండు రాష్ట్రాలు మాజీ కేంద్రమంత్రి హెచ్.వి.పటాస్కర్ మధ్యవర్తిత్వానికి అంగీకరించాయి. 1957లో ఆయన ఇచ్చిన తీర్పుకు మూడు సూత్రాలు ఆధారం: గ్రామాన్ని యూనిట్‌గా తీసుకోవడం, అక్కడి అధిక సంఖ్యాకుల భాష, భౌగోళికమైన ఆనుకొని ఉండటం. జిల్లా, తాలూకా వంటి పెద్ద యూనిట్లను తీసుకున్నంత కాలం ఏదో ఒక పక్షానికి అన్యాయం జరిగినట్లు కనిపించేది. గ్రామం ప్రాతిపదిక కావడంతో పంపకం సాధ్యమైంది.

ఈ తీర్పుకు 1959లో పార్లమెంటు చట్టరూపం ఇచ్చింది. 1960 ఏప్రిల్ 1న అది అమలులోకి వచ్చింది. తిరుత్తణి తాలూకాలో అధిక భాగం, పుత్తూరు, చిత్తూరు తాలూకాలలోని కొన్ని గ్రామాలు మద్రాసు రాష్ట్రానికి వెళ్ళాయి. తిరువళ్ళూరు, పొన్నేరి తాలూకాలలోని తెలుగు గ్రామాలు ఆంధ్రప్రదేశ్‌కు వచ్చి సత్యవేడు ప్రాంతంలో చేరాయి. భారత రాష్ట్రపతిగా పనిచేసిన సర్వేపల్లి రాధాకృష్ణన్ జన్మస్థలమైన తిరుత్తణి ఈ విధంగా తమిళనాడులో భాగమైంది.

## మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాలు

అప్పటి జిల్లా పడమటి భాగంలోని తంబళ్లపల్లె, మదనపల్లె, పుంగనూరు ప్రాంతాల భాష గురించి పెద్ద వివాదం లేదు. ఇక్కడ ప్రశ్న నీటిది, దూరానిది. ఇవి వర్షంపై, చెరువులపై ఆధారపడిన మెట్ట ప్రాంతాలు. నదీ జలాలలో రాయలసీమకు ప్రాధాన్యమన్న శ్రీబాగ్ మాట వీరికి రాజధాని కంటె ముఖ్యమైనది. శ్రీశైలం జలాశయం నుండి కృష్ణా నీటిని ఎత్తిపోసి తెచ్చే హంద్రీ-నీవా పథకంలో పుంగనూరు, కుప్పం ఉపకాలువలు చేర్చబడ్డాయి. ఒడంబడిక నాటి నుండి ఈ కాలువల దాకా గడచిన కాలం దశాబ్దాలలో లెక్కించవలసినది.

కుప్పం పరిస్థితి వేరు. ఇది ఆంధ్ర, తమిళనాడు, కర్ణాటకల ముక్కూడలి. తెలుగు, తమిళ, కన్నడ భాషలు ఇక్కడి సంతలలో కలిసి వినిపిస్తాయి. 1960 సవరణ తరువాత కూడా కుప్పం ఆంధ్రప్రదేశ్‌లోనే నిలిచింది. కాని బెంగుళూరు-జోలార్‌పేట రైలుమార్గంలో ఉన్న కుప్పం నుండి రైలులో చిత్తూరుకు వెళ్ళాలంటే తమిళనాడులోని జోలార్‌పేట, కాట్పాడిల మీదుగా వెళ్ళవలసి ఉంటుంది. రాష్ట్రాల హద్దు కంటె ముందే వేసిన ఇనుపదారి హద్దును లెక్కచేయలేదు. 1997లో కుప్పంలో పొరుగు రాష్ట్రాల సహకారంతో ద్రావిడ విశ్వవిద్యాలయం స్థాపించబడింది. ఒకప్పుడు తగవుకు కారణమైన భాషల సాన్నిహిత్యమే ఇక్కడ అధ్యయన విషయమైంది.

## తరువాతి విభజనలతో పోలిక

1956 నవంబరు 1న తెలంగాణతో కలిసి ఆంధ్రప్రదేశ్ ఏర్పడినప్పుడు రాజధాని హైదరాబాదుకు మారింది. దానికి ముందు 1956 ఫిబ్రవరి 20న కుదిరిన పెద్దమనుషుల ఒప్పందం, శ్రీబాగ్ వలెనే, వెనుకబడిన ప్రాంతానికి హామీలు ఇచ్చే ప్రయత్నం. 2014 జూన్ 2న తెలంగాణ విడిపోయినప్పుడు 1953 నాటి ప్రశ్నలే మళ్ళీ ముందుకు వచ్చాయి. ఈసారి ఉమ్మడి రాజధాని ఏర్పాటును చట్టంలోనే చేర్చి, హైదరాబాదుకు పదేళ్ళ గడువు ఇచ్చారు. ఆ గడువు 2024 జూన్ 2న ముగిసింది. వాంఛూ సూచించగా 1953లో నిరాకరించబడిన ఆలోచన ఆరు దశాబ్దాల తరువాత మరొక నగరం విషయంలో అమలు జరిగిందని చెప్పవచ్చు.

ఇతర దేశాలలోనూ ఇటువంటి ఉదాహరణలు ఉన్నాయి. 2016 జూన్ 23న బ్రిటన్‌లో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో 51.9 శాతం మంది ఐరోపా సమాఖ్య నుండి వైదొలగాలని తీర్పు చెప్పారు. ఏ విధంగా వైదొలగాలో ఆ తీర్పులో లేదు. ఒప్పందాన్ని 2019లో బ్రిటిషు దిగువసభ మూడుసార్లు తిరస్కరించింది. 2020 జనవరి 31న గాని బ్రిటన్ బయటకు రాలేదు. అక్కడ ఐర్లండు సరిహద్దు అన్నిటికంటె చిక్కు ప్రశ్న అయినట్లే, ఇక్కడ చిత్తూరు జిల్లా సరిహద్దు అన్నిటికంటె ఆలస్యంగా తేలింది. అయితే బ్రిటన్‌ది సార్వభౌమ దేశం ఒక సమాఖ్యను వీడిన సందర్భం కాగా, ఆంధ్రది ఒకే దేశం లోపలి పునర్విభజన అనే తేడాను గుర్తుంచుకోవాలి.

## ప్రాధాన్యత

ఆంధ్ర రాష్ట్రం స్వతంత్ర భారతంలో భాషా ప్రాతిపదికపై ఏర్పడిన మొదటి రాష్ట్రం. దాని అవతరణ తరువాతే దేశమంతటికీ రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ సంఘాన్ని నియమించారు. వేర్పాటును కోరడంలో కుదిరిన ఐక్యత, వేర్పాటు షరతులను నిర్ణయించడంలో కూడా దానంతట అదే కుదరదని ఈ చరిత్ర తెలుపుతుంది. పరిష్కారం దొరికిన చోట్ల ప్రశ్నను చిన్నది చేసి చూడటం కనిపిస్తుంది. శ్రీబాగ్‌లో అది నాలుగు అంశాల పత్రమైంది. పటాస్కర్ తీర్పులో జిల్లా గ్రామంగా మారింది.

నగరం విషయంలో మాత్రం పంపకం సాధ్యం కాలేదు. కాని సంబంధం తెగిపోలేదు. 1983లో ఆంధ్రప్రదేశ్, తమిళనాడు ప్రభుత్వాల మధ్య కుదిరిన ఒప్పందం మేరకు తెలుగుగంగ పథకం ద్వారా కృష్ణా జలాలు కండలేరు నుండి పూండి జలాశయానికి చేరి, మద్రాసు (చెన్నై) దాహం తీర్చడానికి ఉపయోగపడుతున్నాయి. ఆ కాలువ ఒకప్పుడు ఇరుపక్షాలు తగవుపడిన సరిహద్దును దాటియే ప్రవహిస్తుంది.

## ముఖ్య ఘట్టాలు

* 1911 ఏప్రిల్ 1: చిత్తూరు జిల్లా ఏర్పాటు.
* 1913 మే 26: బాపట్లలో మొదటి ఆంధ్ర మహాసభ.
* 1937 నవంబరు 16: శ్రీబాగ్ ఒడంబడిక.
* 1949 ఏప్రిల్: జె.వి.పి. కమిటీ నివేదిక.
* 1952 డిసెంబరు 15: పొట్టి శ్రీరాములు మరణం.
* 1953 అక్టోబరు 1: ఆంధ్ర రాష్ట్ర అవతరణ.
* 1956 నవంబరు 1: ఆంధ్రప్రదేశ్ అవతరణ.
* 1960 ఏప్రిల్ 1: చిత్తూరు జిల్లా సరిహద్దు సవరణ అమలు.